డప్పు లోపలికి, డప్పు కొట్టేవాడు బయటికా?

(వేటపాలెంలో కళాకారుల కూటంలో చేసిన ప్రసంగ పాఠం)

అన్నలారా, అక్కలారా, డప్పు పట్టిన తమ్ముళ్లారా!

మేం ఇయాళ ఒక చిన్న చోటు గురించి మాట్లాడటానికి వచ్చాం. పొద్దుగూకాక నలుగురూ చేరి, తాగేది తాగి, తినేది తిని, పాట వినే చోటు. అది కల్లుపాక కావచ్చు, టీ కొట్టు కావచ్చు, సినిమా హాలు కావచ్చు, మన రామాపురం ఒడ్డున లేచిన రిసార్టు కావచ్చు. అక్కడ ఆడి పాడేదెవరు? బల్ల ముందు కూర్చునేదెవరు? ఇదీ మా ప్రశ్న.

మన డప్పు లేకుండా జాతర కదలదు, శవం లేవదు. కానీ డప్పు మోగినంతసేపే మనిషితో పని. మోత ఆగిందా, "అవతలికి పోయి కూకోరా" అంటారు. కూలి అడిగితే చేతిలో సీసా పెడతారు. టీ కొట్టులో మనకు వేరే గ్లాసు పెట్టి, మన గ్లాసు మన చేతనే కడిగించిన ఊళ్లు మనం చూడలేదా?

వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకు ప్రాణమయ్యాయి. ఆ పద్యాలకు ఊరూరా 'వన్స్ మోర్' కొట్టారు. అదే జాషువా 1941లో 'గబ్బిలం' రాశాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని బతిమాలుకుంటాడు. పద్యం పందిట్లోకి పోయింది, పద్యం రాసినవాడి జనం పందిరి బయట నిలబడ్డారు. ఇదెక్కడి న్యాయం?

కూర్చునే చోటు చిన్న విషయమని ఎవరైనా అంటే వాళ్లకు చుండూరు చూపించండి. తెనాలి పక్కనే ఉంది. 1991 జులైలో సినిమా హాలులో మన కుర్రవాడి కాలు పెత్తందారీ కులపు కుర్రవాడికి తగిలింది. అక్కడ రేగిన కక్ష ఆగస్టు 6న 8 మంది దళితులను నరికేదాకా పోయింది.

ఇది మన దేశంలోనే కాదు. అమెరికాలో న్యూయార్కు నగరంలో హార్లెం అని నల్లవాళ్ల పేట ఉంది. 1920లలో అక్కడ కాటన్ క్లబ్ అనే బారు నడిచింది. వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, వడ్డించేవాళ్లు నల్లవాళ్లు. కూర్చుని తాగేవాళ్లు తెల్లవాళ్లు. డ్యూక్ ఎల్లింగ్టన్ అంతటి సంగీతకారుడు 1927 నుంచి అక్కడ వాయించాడు. ఆయన జనానికి మాత్రం ఆయన పేటలోనే కుర్చీ లేదు.

అదే నగరంలో 1938లో కేఫ్ సొసైటీ అని ఇంకో చిన్న బారు తెరిచారు. నేలమాళిగలో ఉండేది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ పక్కపక్కన కూర్చునేవాళ్లు. నల్లవాళ్లను కొట్టి చంపి చెట్లకు వేలాడదీసే దుర్మార్గం మీద రాసిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాటను బిల్లీ హాలిడే 1939లో అక్కడే పాడి లోకానికి వినిపించింది. చూశారా, అందరూ సమానంగా కూర్చున్న చోటనే నిజం చెప్పే పాటకు గొంతు వచ్చింది.

మరి మన సంగతి? వారం చివర హైదరాబాదు నుంచి కార్లు మన సముద్రం ఒడ్డుకు దిగుతున్నాయి. వచ్చేవాళ్లకు ఆటా పాటా కావాలి. రానివ్వండి, మన కళకు గిరాకీ వస్తే మంచిదే. కానీ పోయినేడు మా జట్టు ఒక చోట ఆడింది. ఆట అయ్యాక మమ్మల్ని వెనక మెట్ల మీద కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ముందు బల్లలు ఖాళీగానే ఉన్నాయి!

అంబేద్కర్ మనకు ఒట్టి చేతులు ఇచ్చి పోలేదు. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి కులం పేరుతో ఎవరినీ అడ్డుకోరాదని చెప్పింది. 1989 అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణ, మనల్ని దుకాణంలోకీ వినోద స్థలంలోకీ రానివ్వకపోతే నేరమని తేల్చి రాసింది. ఈ మాట ప్రతి డప్పు జట్టుకూ నోటికి రావాలి.

ఇక చేయాల్సిన పని. ఒకటి, కూలి ముందే మాట్లాడుకోవాలి, డబ్బుగానే తీసుకోవాలి. తాగడం తాగకపోవడం ఎవరిష్టం వాళ్లది. కూలి కింద సీసా మాత్రం ముట్టొద్దు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మీదికి ఎందుకు పోయారు? కష్టం డబ్బు ఇంటికి రాక గదా! వాళ్లు రగిలించిన పోరాటంతోనే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. రెండు, పిలిచినవాళ్లు తినే బల్ల మీదే మన భోజనం. ఒప్పుకోకపోతే డప్పు దించేద్దాం. మూడు, మన ఆడకూతుళ్లు ఆడితే బట్టలు మార్చుకోను గది, రాత్రి ఇల్లు చేరను బండి అడగాలి.

నాలుగోది అన్నింటికన్నా పెద్దది. మన చోటు మనం కట్టుకోవాలి. పల్లెలో అంబేద్కర్ భవనం ఉంటే దానికి తాళం ఎందుకు? నెలకు రెండు రాత్రులు తెరుద్దాం. టీ పొయ్యి, నాలుగు చాపలు, ఒక దీపం చాలు. దారిన పోయే బుర్రకథ దళం, పాటగాడు, పద్యం చెప్పే ముసలాయన ఆ రాత్రి అక్కడ పడుకోవచ్చు. ఏ కులమోడు వచ్చినా ఒకటే గ్లాసు, ఒకటే చాప. ఇదంతా అయ్యేదా అంటారా? 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని వందేళ్లు దాటినా నిలబెట్టుకున్న ఊరు ఈ వేటపాలెం. పుస్తకానికి అంత చోటిచ్చిన ఊళ్లో పాటకు చోటు దొరకదా?

రేపటి నుంచి ఎవరు పిలిచినా ఒకటే మాట అడగండి: "మా డప్పుకు చోటు సరే, మాకు కుర్చీ ఏది?"

జై భీమ్!