ముందు బరువా, వెనుక బరువా?



ప్రయాణమంటే సామాను సర్దే పని మన ఆడవాళ్ళదే కదా! పచ్చడి జాడీ ఒరగకుండా చీరల మధ్య ఇరికించడం, బరువైన పెట్టె అడుగున వెయ్యడం మనకి ఎవరూ నేర్పలేదు. అయితే ఇంటినే బండికి కట్టుకుని బయలుదేరితే ఎలా సర్దాలో నేను అమెరికాలో చూశాను. చూశాననడం కన్నా, భయపడి నేర్చుకున్నానంటే సబబుగా ఉంటుంది.

మా అమ్మాయి వాళ్ళు మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ దగ్గర ఉంటారు. 2023 జూలైలో నేను అక్కడ ఉండగా లేక్ మిషిగన్ ఒడ్డున ఉన్న స్లీపింగ్ బేర్ ఇసుక దిబ్బలకు బయలుదేరాం. దాదాపు 400 కిలోమీటర్ల దారి. అక్కడ సైకిళ్ళకు వేరే బాట ఉంది. ప్లాట్ అనే చిన్న నదిలో కయాక్‌లు నడుపుకోవచ్చు. కయాక్ అంటే రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ. కారు వెనుక చిన్న క్యాంపర్ ట్రైలర్, అందులోనే పడకలు, పొయ్యి. కారు పైన రెండు కయాక్‌లు. ట్రైలర్ వెనుక స్టాండుకు మూడు సైకిళ్ళు. ఏమిటండీ ఈ ఊరేగింపు అని నేను నవ్వాను కూడాను.

పల్లపు రోడ్డులో ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటిపోయింది. అంతే, వెనుక ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ఆ ఊపుకి కారు కూడా అటూ ఇటూ లాగేస్తోంది. పక్క సీటులో మనవడు నిద్రపోతున్నాడు. నా నోట మాట లేదు. మా అల్లుడు మాత్రం బ్రేకు గట్టిగా తొక్కలేదు, స్టీరింగు అటూ ఇటూ తిప్పలేదు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకున్నాడు. వేగం తగ్గాక ఊపూ తగ్గింది. అలాంటప్పుడు గభాలున బ్రేకు వేస్తే ట్రైలర్ అడ్డం తిరిగిపోతుందట.

విశ్రాంతి స్థలంలో ఆగి, పులిహోర డబ్బా తీశామే గాని ఒక్కరికీ ముద్ద దిగలేదు. వెనుక వేలాడుతున్న సైకిళ్ళని చూస్తే మా నాన్నగారి ఎడ్లబండి గుర్తొచ్చింది. ధాన్యం బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి, తాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుసుకునేవి. అందుకని నాన్నగారు దగ్గరుండి, కాస్త ముందు బరువుండేలా వేయించేవారు. "వెనుక బరువెక్కువైందేమో బాబూ" అన్నాను. అల్లుడు ఒక్క క్షణం ఆలోచించి, "నిజమే అత్తయ్యగారూ" అన్నాడు.

సంగతేమిటంటే, ట్రైలర్ మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కారు కొక్కెం మీద పడాలి. వాళ్ళ ట్రైలర్ సామానుతో 700 కిలోలు. అంటే నొగ మీద కనీసం 70 కిలోలుండాలి. సైకిళ్ళూ స్టాండూ కలిసి 50 కిలోలే, కాని చక్రాలకు అంత దూరాన వేలాడడంతో నొగని పైకెత్తేస్తున్నాయి. తిరిగొచ్చాక ట్రైలర్‌ని చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టి, కారుకి తగిలించినప్పటి ఎత్తులోనే నొగ కింద స్నానాల గదిలోని బరువు చూసుకునే మిషను పెట్టాడు. సైకిళ్ళతో 38, సైకిళ్ళు లేకుండా 75!

మరి సైకిళ్ళెక్కడ? కారు పైకంటే అక్కడ కయాక్‌లే ఒక్కొక్కటి 22 కిలోలు. కారు కప్పు మొయ్యగలిగే బరువుకి హద్దుంది, అది కారు పుస్తకంలో రాసి ఉంటుంది. నొగ మీదే స్టాండు పెట్టేవాళ్ళున్నారు. అయితే నొగ బరువు మరీ పెరిగిపోవచ్చు, మలుపులో హ్యాండిల్ కారు వెనుక అద్దానికి తగలొచ్చు. పైగా నొగ బరువు కూడా మనుషులతో, పెట్టెలతో పాటు కారు మోసే లెక్కలోకే వస్తుంది. ఆ లెక్క డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీలో ఉంటుంది, మా వాళ్ళు అప్పటిదాకా చదవనే లేదు.

చివరికి ఆ విశ్రాంతి స్థలంలోనే, ముందు చక్రాలు ఊడదీసి, సైకిళ్ళని ట్రైలర్ లోపల సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా పడుకోబెట్టి, దుప్పట్లు చుట్టి తాళ్ళతో కట్టాం. ఆ కట్టడం నేనే కట్టాను లెండి. కయాక్‌ల పట్టీలు కూడా అప్పుడే చూస్తే ఒకటి వదులైంది. బయలుదేరిన అరగంటకి ఆగి మళ్ళీ బిగించుకోవాలట. పట్టీని ఒక్క మెలి తిప్పి కడితే గాలికి బుర్రుమని మోగదు. మరీ బిగిస్తే ఎండకి ప్లాస్టిక్ పడవ సొట్టపోతుంది. ముక్కుకీ తోకకీ వేరే తాళ్ళుండాలి.

తరవాత దారంతా ట్రైలర్ బుద్ధిగా వెంట వచ్చింది. మర్నాడు ప్లాట్ నదిలో, చీర మీద లైఫ్ జాకెట్ తొడుక్కుని నేనూ కయాక్ ఎక్కాను. ఆ బరువు మిషను మాత్రం ఇప్పుడు ట్రైలర్‌లోనే ఉంటోందట. అమ్మాయి తన బరువు చూసుకోవాలంటే షెడ్డుకి వెళ్ళాలి.