యుద్ధంలో వంట, తుఫానులో వంట



చెప్పకుండా నలుగురు చుట్టాలు దిగితే ఎసట్లో మరో సోలెడు బియ్యం పోసి, పప్పులో రెండు గరిటెల నీళ్ళు కలిపి సర్దుకోవడం మనందరికీ అలవాటే. అదే ఆరేడు వందల మందికి, ఇల్లూ పొయ్యీ లేని చోట, పైన వాన పడుతూండగా వండి పెట్టమంటే ఏం చేస్తాం? ఈ చిక్కు పడినవాళ్ళు ఒకరు తుఫాను బాధితులు, రెండోవారు సైన్యాలు. నేను ఆ రెండూ ఒక్కచోటే చూశాను.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. నెల్లూరు జిల్లాలో, బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ నడుమ వూరు మాది. పూరిళ్ళన్నీ పోయి జనమంతా బడి మేడకి చేరారు. బావుల్లో ఉప్పునీళ్ళు. పడవ మీద బియ్యం మూటలైతే వచ్చాయి గాని, వండేదెలా? ఆడవాళ్ళం తలా ఒక మూల మూడు రాళ్ళు పెట్టి అంటించబోయాం. తడి కట్టెలు. పొగ తప్ప మంట లేదు.

మా వీధిలో ఒక బాబాయి ఉండేవారు. పట్టాళంలో వంటవాడుగా చేసి పింఛను పుచ్చుకుని వచ్చిన మనిషి. మిలటరీ బాబాయి అనేవాళ్ళం. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చూసి, "ఇన్ని పొయ్యిలేందమ్మా! ఎవరి కుండ వాళ్ళు పెట్టుకుంటే కట్టెలు చాలవు, బియ్యం చాలదు" అన్నారు. పార తెప్పించి, బడి వెనక మెరక మీద గాలివాటు చూసి, పొడుగ్గా గాడి తవ్వించారు. గాలి వచ్చే వైపు నోరు, అవతలి కొసన పొగ పోవడానికి రేకు గొట్టం. గాడి మీద వరసగా గుండిగలు. తడి సరుగుడు కట్టెల్ని అంచుల వెంట పేర్పించారు, మంట వేడికి అవే ఆరి పొయ్యిలోకి సిద్ధమయ్యేట్టు. పెళ్ళిళ్ళలో మనం చూసే గాడిపొయ్యే అది. యుద్ధభూమిలో పట్టాళాలు తవ్వుకునేదీ అదేనట.

మొదటి గుండిగలో మాత్రం బియ్యం పోయనివ్వలేదాయన. మేడ మీద పట్టిన వాననీళ్ళు తెర్లకాచి తాగడానికి పెట్టించారు. మరుగు దిబ్బ ఎక్కడో, పొయ్యికి ఎంత దూరమో కూడా ఆయనే గీత గీసి చెప్పారు. మాకప్పుడు అది చాదస్తమనిపించింది. క్రిమియా యుద్ధంలో గుండు దెబ్బకి పోయిన సిపాయిల కన్నా రోగాలతో పోయినవాళ్ళే ఎక్కువ అని తరవాత చదువుకున్నాను.

ఆ క్రిమియా కథ మన వంటింటికి దగ్గరదే. 1855లో లండన్‌లో పేరు మోసిన అలెక్సిస్ సోయర్ అనే ఫ్రెంచి వంటవాడు తనంత తానుగా అక్కడికి వెళ్ళాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పనిచేస్తున్న ఆసుపత్రి వంటశాలలో చూస్తే, ఎవరి మాంసం ముక్క వారికి గుర్తుండాలని గుడ్డ పీలికలూ గుండీలూ మేకులూ కట్టి ఒకే బానలో ఉడికిస్తున్నారు! పైగా ఉడికిన నీళ్ళు పారబోస్తున్నారు. సారమంతా ఆ నీళ్ళలోనే ఉందని ఆయన నెత్తీ నోరూ బాదుకున్నాడు. తరవాత కొద్దిపాటి పుల్లలతో, మంట బయటికి కనబడకుండా వండే పీపాలాంటి ఇనుప పొయ్యిని సైన్యానికి చేసిచ్చాడు. వందేళ్ళు దాటినా ఇంగ్లీషు సైన్యం దాన్ని వదల్లేదు. చక్రాల మీద నడిచే పొయ్యిలు ఆ తరవాత వచ్చాయి. దళం నడుస్తూంటే వెనకాల కూర ఉడుకుతూ వస్తుందన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మను సిపాయిలు, నిక్కబొడుచుకున్న పొగగొట్టం చూసి, దానికి 'కూర ఫిరంగి' అని ముద్దుపేరు పెట్టారు. అన్ని ఫిరంగుల్లోకీ అదే మంచిదని నా అభిప్రాయం!

ఉడికిన నీళ్ళంటే గుర్తొచ్చింది, మన గంజి. 1751లో ఆర్కాటు కోట ముట్టడి యాభై రోజులు సాగింది. బియ్యం అడుగంటినప్పుడు మద్రాసు సిపాయిలు, మెతుకులు తెల్లవాళ్ళకి పెట్టండి, మాకు గంజి చాలు అన్నారని మెకాలే రాశాడు. పొగడ్త కోసం పెంచిన కథేమో అని నాకు అనుమానమే. ఏమైనా, మెతుకులు ఒకరికీ గంజి ఒకరికీ అన్నప్పుడు గంజి ఎవరి వాటాకి వచ్చిందో చూడండి. ఆ దళాల్లో తెలుగువాళ్ళు బాగా ఉండేవారు. అందుకే బెంగాలులో సిపాయిని 'తిలంగా' అనడం మొదలైంది.

మా బడిలోనూ వాటాల గొడవ వచ్చింది. మొదటి పూట అన్నం దిగగానే కొందరు పెద్దలు, మా గుండిగ వేరే పెట్టండి, మావాళ్ళే వండాలి అన్నారు. అందులో మా మేనత్త ఒకరు. బాబాయి గరిటె కింద పెట్టి, కూట్ సంగతి చెప్పారు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇప్పటి ఇరాకులో ఉన్న ఆ వూళ్ళో, 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా మన సిపాయిలు చిక్కుకుపోయారు. తిండి అయిపోయి గుర్రాల్ని కోస్తే, మతానికి విరుద్ధమని మనవాళ్ళు చాలామంది నెలల తరబడి ముట్టలేదు. మతపెద్దలు తినవచ్చని కబురు పంపినా చివరి వారాల దాకా ఒప్పుకోలేదు. అప్పటికే జబ్బులు పట్టుకున్నాయి. "నేను గుర్రం పెట్టడం లేదక్కా, అన్నమే పెడుతున్నా" అన్నారాయన మా అత్తతో.

గుండిగ మాత్రం ఒక్కటే అన్నారు. ముందు చూలింతలు, బాలింతలు, పిల్లలు, తరవాత ముసలివాళ్ళు, ఆపైన అందరూ ఏ వీధివాళ్ళయినా ఒకే వరస. వండినవాళ్ళం చివర. ఇంట్లోనూ చివర తినేది మనమే కదా అని నాకు లోపల ఉక్రోషంగా ఉండేది. కాని ఇక్కడ బాబాయి కూడా మాతోనే చివర కూచునేవారు. గుండిగ అడుగు గీకి, మాకు పెట్టాకే తను తినేవారు.

కొందరు అలిగి వెళ్ళి, సాయంత్రానికి వరసలోకి వచ్చారు. మా అత్త రాలేదు. రెండు రోజులు కొబ్బరి ముక్కలతో, మరగకాచిన నీళ్ళతో గడిపింది. మూడో పొద్దున పెద్ద గ్లాసు ఒకటి పట్టుకుని, అందరూ వెళ్ళాక, పొయ్యి దగ్గరికి వచ్చింది. "అబ్బయ్యా, అన్నం వద్దు. గంజి ఉంటే పొయ్యి" అంది. ఆయన ఏమీ అనలేదు. అదే గుండిగలోంచి, అడుగున నాలుగు మెతుకులు కూడా వచ్చేట్టు ముంచి పోశారు.

తాగుతూంటే, "ఉప్పు సరిపోయిందా అక్కా?" అని అడిగారు.

"తక్కువైంది" అంది మా అత్త. "బావుల నిండా ఉప్పుంటే, గంజిలోకి రాలేదే!"