నాదమును పెంచు యంత్రము – దోషమును పట్టు చెవి



భజనమందైనను, నాటకమందైనను తీగవాద్యపు నాదము చివరి వరుసవారికి చేరవలెనన్న ధ్వనివర్ధకము తోడు కావలెను. అట్టి యంత్రమును కొనుటకు బదులు, భాగములు తెచ్చి ఇంటనే కూర్చవలెనని యువకులు ఉత్సాహపడుట మెచ్చదగినది. అయితే ఆ పనికి తీగలు, టంకము ఎంత అవసరమో, ప్రక్కన నిలిచి వినెడి గురువు అంతకంటె అవసరము.

యంత్రపు పనితీరు ఇట్టిది. వాద్యపు ఉక్కుతీగల క్రింద అయస్కాంతము, దానిచుట్టు సన్నని రాగితీగ చుట్ట ఉండును. దీనిని పికప్ అందురు. తీగ కంపింపగనే చుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరున కందించును. స్పీకరులోని పలుచని శంకువు కదలి గాలిని కదల్చును.

బేస్ గిటారు విషయమున శ్రమ అధికము. అమెరికాలో లియో ఫెండర్ 1951లో ఈ వాద్యమును విపణికి తెచ్చి, మరుసటి ఏటనే దానికొరకు ‘బేస్‌మన్’ అను ప్రత్యేక యాంప్లిఫయరును వెలువరించెను. మాండలిన్ మంద్రపు తీగ సెకనుకు 196 మారులు కంపించును. బేస్ గిటారు మంద్రపు తీగ సుమారు 41 మారులే. అట్టి మంద్రధ్వనికి ఎక్కువ గాలి కదలవలెను. స్పీకరును పెట్టెలో బిగింపనిచో, దాని వెనుకనుండి వచ్చు ధ్వని చుట్టివచ్చి ముందటి ధ్వనిని చాలవరకు రద్దుచేయును.

మరియొక చిక్కు కలదు. మన ఇండ్లలోని కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దానిని యంత్రము చక్కగ వడపోయనిచో 50, 100 ఆవృత్తుల రొద పుట్టును. ఇవి బేస్ స్వరములకు ఇరుగుపొరుగులు. కొత్తవాడు ఆ రొదను విని ధ్వని నిండుగ నున్నదని మురియును. తెలిసిన పెద్ద మాత్రము వాయించుట ఆపించి, ధ్వని మరను పూర్తిగ తగ్గింపుమనును. రొద అణగినచో దోషము వాద్యమునుండి వచ్చు తీగయందో, తొలి భాగమందో ఉన్నది. అణగనిచో తరువాతి భాగమందు, ముఖ్యముగ కరెంటు సరఫరాయందు వెదకవలెను. ప్లగ్గు తీసిన పిమ్మటను కెపాసిటర్లలో ప్రాణాంతకమైన విద్యుత్తు నిలిచియుండవచ్చునని ముందే హెచ్చరించువాడును ఆ పెద్దయే.

యంత్రమునకు మంచిచెడ్డలు తెలియవు. అది నాదమును పెంచును. దోషమును సైతము అంతే పెంచును.

ఇందుకు మన తెలుగునేలనే నిదర్శన మున్నది. ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో జన్మించెను. మాండలిన్ నాదము మీటినవెంటనే అణగిపోవును. కర్ణాటక సంగీతపు గమకమునకో నాదము నిలువవలెను. ఆయన విద్యుత్ మాండలిన్‌ను చేపట్టి, జంట తీగలకు బదులు ఐదు ఒంటి తీగలు అమర్చుకొని ఈ కొరతను తీర్చుకొనెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతుల శిష్యులు. వారికి మాండలిన్ వాయించుట రాదు. వారు పాడగా బాలుడు దానిని తీగలపై పలికించెను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో అతడు తొలి కచేరి చేసెను. వాద్యము రాని గురువు వాద్యకారుని తీర్చిదిద్దగలిగెను. పాట ఎట్లుండవలెనో ఆయన చెవికి తెలియును గనుక.

ఎమ్మిగనూరు, గూడూరు ప్రాంతపు మగ్గములయొద్ద పని నేర్చినవారికి ఇది వింత గాదు. పోగు ఎక్కడ తెగెనో పిల్లవాని కంటికి ముందు, ప్రక్కన కూర్చున్న పెద్దకే తెలియును.

గ్రంథాలయమున యంత్రశాస్త్ర గ్రంథములు ఉండదగును. అవి దారి చూపును; కాని రొదను వినలేవు. కావున పనియెరిగిన పెద్దలు వారమున కొక సాయంకాలము ఇచటికి వచ్చి, పిల్లలు కూర్చిన యంత్రముల చెంత చెవియొగ్గి కూర్చుండుట మేలు. అది ఈ రజతోత్సవమున గ్రామము తన గ్రంథాలయమున కీయదగిన కానుక. దానికి రొక్కముతో పనిలేదు.