చేతులు కాలక మునుపే

చక్కగా పనిచేయుచున్న వస్తువును మనము సాధారణముగా గమనింపము. మోటారు సైకిలునకు క్రిందుగా, వెనుకకు సాగియుండు పొడవైన గొట్టము అట్టి వస్తువులలో నొకటి. పొగగొట్టమని మనము తెనిగించుకొన్నను, ఊరూర వాడుకలో స్థిరపడిన పేరు సైలెన్సరు. పేరునకు తగినట్లు అది నోరు మూసికొని పనిచేయును. పాడైన దినమున మాత్రము ఇంటివారికే గాక వీధికంతకును తెలిసిపోవును. సాయంకాలము మీరు రేడియో చెంత కూర్చుండి వార్తలు వినుచుండగా, చిల్లుపడిన సైలెన్సరుతో ఒక బండి వాకిటి ముందుగా పోయినచో ఒక వార్త మొదలును మరియొక వార్త చివరయు మాత్రమే మీ చెవిని బడును. శబ్దమే జీవనాధారమైన మావంటివారికి ఈ బాధ మరింత బాగుగా తెలియును.

ఇట్లు అరిగిపోయిన సైలెన్సరును ఇంటివద్దనే మార్చుకొనవచ్చునా? మార్చుకొనవచ్చును. అయితే ఒంటరిగా కాదు. ఈ పనిలో ఎవరి సాయము, ఏ సమయమున అడుగవలెనన్నదే నేటి ప్రసంగ విషయము.

మొదట ఆ గొట్టము చేయు పని యేమో చూతము. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ప్రతి రెండు చుట్లకు ఒక పర్యాయము కాలిన వాయువు బయటకు వచ్చును. నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్న ఒంటి సిలిండరు ఇంజను నిమిషమునకు 1500 మారులు, అనగా సెకనునకు 25 మారులు, వేడివాయువును ఒత్తిడితో చిమ్ముచుండును. ప్రతి చిమ్ముడును ఒక చిన్న ప్రేలుడు వంటిది. సైలెన్సరు కడుపులో చిన్న చిన్న గదులు, రంధ్రములు గల గొట్టములు, అడ్డు రేకులు ఉండును. ఆ ప్రేలుడు వాటిలో చుట్టి తిరిగి, తన ఉద్ధృతిని కోల్పోయి, మెల్లని ఊపిరిగా వెలుపలికి వచ్చును.

ఇంత దృఢమైన ఇనుము ఎందుకు తినివేయబడుచున్నది? వానలో తడియుట చేతనని చాలమంది తలంతురు. అది కొంత నిజమే గాని, పెద్ద శత్రువు లోపలనే ఉన్నది. పెట్రోలులోని ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరగును. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపమున పుట్టును! దూర ప్రయాణమున గొట్టమంతయు వేడెక్కి ఆ ఆవిరి బయటకు పోవును. కూరగాయల కొట్టు వరకు పోయి వచ్చు బండిలో అది చల్లని రేకునకు తగిలి నీరై, లోపలనే నిలిచి త్రుప్పు పట్టించును. కనుకనే ఎక్కువ దూరము తిరుగని బండి సైలెన్సరు కొన్ని సందర్భములలో ముందుగా చెడును. కొన్ని సైలెన్సరుల అడుగున ఉండు చిన్న రంధ్రము ఈ నీరు కారిపోవుటకే. దానిని చిల్లు అనుకొని పూడ్చరాదు. మచిలీపట్టణము, కాకినాడ, విశాఖపట్టణము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి బయటినుండి కూడ ఈ పనికి తోడ్పడును.

గొట్టము చెడినదనుటకు గుర్తులు కొన్ని కలవు. శబ్దము బొంగురుపోవును. ఇంజనును గొట్టమును కలియు చోట నల్లని మసి చార కనిపించును. వేగము తగ్గించుటకు యాక్సిలరేటరు వదలినప్పుడు టపటపమని ప్రేలుళ్లు వినవచ్చును. బండి పూర్తిగా చల్లబడిన పిమ్మట అడుగుభాగమును వ్రేలితో నొక్కినచో రేకు మెత్తగా లొంగును. వీటిని చూచియు ఉపేక్షించుట మంచిది కాదు. బండి పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తములోని హీమోగ్లోబిను ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన ఆసక్తితో దానిని పట్టుకొనును. కనుక చెడిన సైలెన్సరు గల బండినే గాదు, ఏ బండినైనను తలుపులు మూసిన గదిలోగాని, ఇరుకైన నడవలోగాని స్టార్టు చేసి ఉంచరాదు.

ఇక పనికి వత్తము. ఉదాహరణకు మన పల్లెలలో ఇప్పటికిని విస్తారముగా కానవచ్చు హీరో హోండా 100 సి.సి. బండిని తీసికొందము. 1985లో సి.డి. 100 రూపమున వచ్చి, 1994లో స్ప్లెండరుగా ఇంటింటికి చేరిన బండి యిది. దీని గొట్టమును సైలెన్సరును ముందు వైపున రెండు నట్టులు ఇంజను తలకు బిగించి ఉంచును. వెనుక వైపున బోల్టులు చట్రమునకు పట్టి ఉంచును. ముందు కలియు చోట ఒక గాస్కెట్టు వలయము నలిగి వాయువు కారకుండ చేయును. చూచుటకు ఇంతే. చిక్కంతయు ఆ ముందరి రెండు నట్టులలో ఉన్నది.

ఆ నట్టులు ఎక్కియున్న స్టడ్డులు ఉక్కువి. అవి నాటుకొనియున్న ఇంజను తల అల్యూమినియము మిశ్రలోహము. ఏండ్ల తరబడి వేడికి కాగి, వానకు తడిసి, నట్టును స్టడ్డును త్రుప్పుతో ఏకమైపోవును. బలముపట్టి త్రిప్పినచో నట్టు రాదు, స్టడ్డు మెలిపడి మొదలంట విరుగును. ఆ మొండిని తొలిచి తీయవలెను, మరలు తిరిగి కోయవలెను, ఒకప్పుడు ఇంజను తలనే ఊడదీయవలసి వచ్చును. సైలెన్సరు ఖరీదుకు మించిన ఖర్చు అప్పుడు నెత్తిన బడవచ్చును. ఈ స్థితిలో బండిని త్రోసికొనుచు మెకానిక్కు వద్దకు పోవుటనే మన పెద్దలు చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట అన్నారు.

మెకానిక్కు సాయము అడుగవలసిన సమయము అంతకు ముందే యున్నది. నాలుగు దినములు ముందుగా ఆయన కొట్టునకు పోయి, “అన్నా, ఆదివారము సైలెన్సరు మార్చుకొనదలచినాను, ముందరి నట్టులు ఒక్కసారి చూచెదవా?” అని అడుగుటలో చిన్నతనమేమియు లేదు. డిగ్రీలు చదివిన మనకు పుస్తకములోని బొమ్మ తెలియును. పానా పట్టిన ఆయన మణికట్టునకు మాత్రము నట్టు కదలుచున్నదో, స్టడ్డు మెలిపడుచున్నదో తెలియును. కదలు నట్టు కిర్రుమని ఒక్కసారిగా వదలును. విరుగబోవు స్టడ్డు రబ్బరువలె మెత్తగా సాగుచున్నట్లు తోచును. ఆ మెత్తదనము చేతికి తగిలిన క్షణముననే పానా దింపవలెను. ఈ ఒక్క పాఠము నేర్చుకొనుటకైనను ఆయన చెంత ఒక గంట నిలువవచ్చును. ఆ గంటకు తగిన కూలి ఇచ్చుట మన ధర్మము. అవసరమైనచో ఆ రెండు నట్టులను ఆయన చేతనే వదులు చేయించి, తిరిగి చేతితో బిగించికొని, బండిని మెల్లగా ఇంటికి తెచ్చుకొనవచ్చును. మిగిలిన పని మనదే.

రెండవ సాయము విడిభాగముల దుకాణదారుది. బండి పేరు చెప్పి ఊరకుండక, తయారైన సంవత్సరము, ఇంజను సంఖ్య చెప్పవలెను. క్రొత్త గాస్కెట్టు తప్పక కొనవలెను. నలిగిన పాత వలయము మరల అతుకదు. పాత బండ్ల గాస్కెట్టులలో ఆస్‌బెస్టాసు ఉండుటకు వీలున్నది. కనుక దానిని పొడిగా గీకి ధూళి రేపక, తడిపి తీయవలెను.

మూడవ సాయము ఇంటిలోనిదే: మరియొక జత చేతులు. తమ్ముడు కావచ్చును, భార్య కావచ్చును, కాలేజీలో చదువు కుమార్తె కావచ్చును. ముందటి రాత్రి చల్లని నట్టులకు త్రుప్పు వదలించు నూనె పట్టింపవలెను. మరునాడు బండి స్టార్టు చేయక మునుపే సమతలముగా నున్న ఆరుబయట సెంటరు స్టాండుపై నిలుపవలెను. పసిపిల్లలను దూరముగా ఉంచవలెను. పానా సరిగా నట్టునకు కూర్చుండవలెను. కొద్దిగా వదులు చేసి, కొద్దిగా బిగించి, మరల వదులు చేయుచు తీయవలెను. ముందరి నట్టులు వచ్చిన పిదప వెనుక బోల్టులు తీయు సమయమున బరువంతయు ఒక్కసారిగా వ్రేలాడును. అప్పుడు సాయముండువారు గొట్టమును రెండు చేతులతో పట్టుకొనవలెను. “పట్టుకో,” “వదలు” అను మాటలను ముందుగానే అనుకొని ఉండుట మంచిది. వ్రేళ్లు నలుగుట చాలవరకు ఆ మాటల తికమకలోనే జరుగును.

క్రొత్తదానిని ఎక్కించునప్పుడు అన్ని నట్టులను, బోల్టులను ముందు వ్రేళ్లతోనే ఎక్కింపవలెను. ఒకరు గొట్టమును సరియైన ఎత్తున నిలిపి ఉంచగా మరియొకరు త్రిప్పినచో మరలు అడ్డముగా పోవు. పిమ్మట ముందరి రెండు నట్టులను మార్చి మార్చి, సమముగా బిగించి, చివరకు వెనుకవి బిగింపవలెను. ఈ క్రమము తప్పినచో గొట్టము బలవంతముగా వంగి, కొంతకాలమునకు పగులును. స్టార్టు చేయక ముందు మెరుగు మీది వ్రేలి జిడ్డును గుడ్డతో తుడువవలెను. లేకున్న ఆ ముద్రలు వేడికి కాలి శాశ్వతముగా నిలుచును. మొదట కొంచెము పొగ వచ్చినచో భయపడనక్కరలేదు, అది క్రొత్త రేకునకు పూసిన నూనె కాలుట. ఒకసారి తిరిగి వచ్చి, పూర్తిగా చల్లబడిన తరువాత నట్టులను మరల సరిచూచుకొనవలెను.

రెండు హెచ్చరికలు. 2020 ఏప్రిల్ నుండి అమలైన భారత్ స్టేజ్ 6 ప్రమాణముల బండ్ల పొగగొట్టములో విషవాయువులను తగ్గించు క్యాటలిటిక్ కన్వర్టరు, ప్రాణవాయువును కొలుచు సెన్సరు ఉండును. వాటి పని ఇంటిలో పెట్టుకొనక, తెలిసినవారికే అప్పగింపవలెను. రెండవది, మార్చుటయే గదా అని గుండెలదరు శబ్దముగల గొట్టమును తగిలింపరాదు. 80 నుండి 175 సి.సి. వరకు గల క్రొత్త మోటారు సైకిళ్లకు నిర్ణయించిన శబ్ద పరిమితి 77 డెసిబెళ్లు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 190వ సెక్షను ప్రకారము, 2019 సవరణ తరువాత, శబ్ద, వాయుకాలుష్య ప్రమాణములను ఉల్లంఘించినవారికి మొదటి తప్పునకే మూడు నెలల వరకు జైలుగాని, 10,000 రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. చట్టము మాట అటుంచి, ఆ వీధిలో జ్వరముతో పడుకొన్న ముసలివారుందురు, పరీక్షకు చదువుకొను పిల్లలుందురు.

పని ముగిసి చేతులు కడుగుకొనునప్పటికి రెండు గంటలు పట్టవచ్చును. మెకానిక్కు చేతి పని కొంత మనకు వచ్చును. మన ప్రక్కన నిలిచి గొట్టము పట్టుకొన్నవారికి కూడ అది వచ్చును. ఈ పర్యాయము “పట్టుకో” అనిపించుకొన్న చిన్నది, మరల సైలెన్సరు మార్చవలసిన నాడు పానా తాను అందుకొని, ఆ మాట మనతో అనును.