పటంలో గడి, నేల మీద కోత

విశాఖపట్నంలో పెద్ద వాన కురిసినప్పుడు గెడ్డలలో నీరు ఎర్రబారుతుంది. ద్వారకా నగర్‌కు ఉత్తరాన కైలాసగిరి వరుస, దక్షిణాన యారాడ కొండ. ఇవి ఖోండలైటు అనే రాతి కొండలు. ఆ రాయి శిథిలమై ఎర్రమన్ను అవుతుంది. ఆ మన్ను ఏటా ఎంత కొట్టుకొనిపోతున్నదని అడిగితే, లెక్క కట్టేవారు మనలనే తిరిగి అడుగవలె: "ఏ పటం మీద?" అని.

1965లో అమెరికాలో విష్‌మయర్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు ప్రచురించిన సూత్రమూ, దాని సవరణలూ నేటికీ విరివిగా వాడుకలో ఉన్నవి. వాన తాకిడి, మన్ను స్వభావం, వాలు పొడవు, వాలు తీవ్రత, పైరు కప్పు, గట్ల వంటి రక్షణలు. వీటిని గుణిస్తే ఎకరానికి ఇన్ని టన్నులని తేలుతుంది. వాలుకు చెందిన రెండంకెలనూ ఇప్పుడు పటం నుండే తీస్తారు. పటమంటే గీతల పటం కాదు. నేలను చదరపు గడులుగా విభజించి, గడికొక ఎత్తు వ్రాసిన పట్టిక. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక రాడారుతో భూమిని కొలిచినది. ఆ కొలతల నుండి మనకు మొదట అందిన గడి ప్రక్క 90 మీటర్లు, అనగా ఇంచుమించు రెండెకరాల నేలకు ఒకటే ఎత్తు! 2014 తరువాత 30 మీటర్ల గడి అందినది. 2005లో మనవారు ప్రయోగించిన కార్టోశాట్-1 చిత్రాల నుండి కూడా అంతటి గడి పట్టికయే తయారైనది.

భీమునిపట్నం దారిలోని ఎర్రమట్టి దిబ్బలనే తీసికొనండి. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ దిబ్బలను వాననీరు లోతుగా కోసి లోయలు చేసినది. 90 మీటర్ల ఎడంలో రెండు గట్లు సమానమైన ఎత్తున ఉండి, నడుమ ఎనిమిది మీటర్ల లోతు కోత ఉన్నదనుకొందాం. గట్ల ఎత్తులే చూచే పటానికి అక్కడ వాలు సున్న. పది మీటర్ల గడిలో ఆ గోడ కనబడుతుంది. ఒకే నేల, ఒకే వాన!

పెద్ద గడి వాలును చదును చేస్తుంది. అదే సమయాన నీరు పారే దూరాన్ని పొడిగిస్తుంది. ఒకటి లెక్కను తగ్గిస్తే మరొకటి పెంచుతుంది. రెండు తప్పులూ ఒకదానినొకటి కొట్టివేసికొని మొత్తం సరిగా కనిపించినా, కోత ఎక్కడ ఎక్కువో తెలియదు. రాతికట్ట కట్టవలసిన చోటు మారిపోతుంది. నా దృష్టిలో ఇదే పెద్ద నష్టం.

అట్లని గడిని ఎంత చిన్నది చేస్తే అంత మేలని అనుకోరాదు. మూలసూత్రం 22 మీటర్ల పొడవు, నూటికి తొమ్మిది వాలు గల మడిని ప్రమాణంగా పెట్టుకొన్నది. పలుచగా కొట్టుకొనిపోయే మన్నుకు, సన్నని చాళ్లకు అది తగినది. దిబ్బలలోని లోయలు దాని పరిధిలోనివి కావు. పైగా ఆకాశం నుండి కొలిచిన ఎత్తులో జీడిమామిడి కొమ్మలూ, మేడల కప్పులూ కూడ కలిసిపోతవి.

నగరానికి మంచినీరిచ్చే మేఘాద్రిగెడ్డ జలాశయం విషయంలో ఒక సదుపాయం ఉన్నది. పడవ మీద పోయి అడుగులోతు కొలిచి, పాత లోతుతో పోల్చితే చేరిన మేట తెలుస్తుంది. అయితే కొండ మీద తెగిన మన్నంతా అక్కడికి రాదు. కొంత కొండ పాదాననే ఆగుతుంది. ఆ కొంత ఎంతో తేల్చుటకు మరల వాలు పటమే తీయవలె. అప్పుడు గడి కొలతను టన్నుల అంకె ప్రక్కనే వ్రాసి ఉంచితే, తరువాత వచ్చినవారు వేరొక గడితో వేసిన లెక్కను దీనితో పోల్చి మోసపోరు.