యంత్రం మారాక మిగిలేది



పట్టాలు అందుకున్న మీలో చాలామందికి ఉద్యోగంలో చేరగానే కొత్త కోడ్ రాసే పని దొరకదు. ఎవరో రాసిన పాత కోడ్‌ను మరో యంత్రం మీదికి తెమ్మంటారు. అందుకే ఇవాళ, అలాంటి పనిని కష్టం చేసిన ఆటల కన్సోల్ ప్లేస్టేషన్ 3 గురించి మాట్లాడతాను. ఆటలాడి మార్కులు పోగొట్టుకున్నవాళ్లు కూడా కాస్త వినండి!

2006లో సోనీ విడుదల చేసిన ఆ కన్సోల్‌లో ‘సెల్’ ప్రాసెసర్ ఉండేది. అందులో ఒక పవర్‌పీసీ కోర్, దానికి తోడు ఎస్‌పీయూలనే చిన్న కోర్లు. ఆటలకు దక్కేవి 6. ఒక్కో ఎస్‌పీయూకు 256 కిలోబైట్ల సొంత మెమరీ. కోడ్, డేటా రెండూ అందులోనే ఇమడాలి. ప్రధాన మెమరీలోంచి కావలసిన ముక్కను ముందుగానే తెప్పించుకోవాలి, పనయ్యాక తిప్పి పంపాలి. మామూలు ప్రాసెసర్‌లో క్యాష్ చూసుకునే ఈ చాకిరీ ఇక్కడ ప్రోగ్రామర్ నెత్తిన పడింది.

ఏడాది ముందొచ్చిన పోటీ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో ఒకే రకం కోర్లు 3, మెమరీ అంతా ఉమ్మడి. దానికోసం రాసిన కోడ్ పాయింటర్లు పట్టుకుని మెమరీ అంతా తిరిగేది. ఎస్‌పీయూలకు అలాంటిది మింగుడుపడదు. భారమంతా ఒంటరి పవర్‌పీసీ కోర్ మీద పడేది. అలా తెచ్చిన ‘బయోనెట్టా’ ఆట ప్లేస్టేషన్ 3 మీద ఎంత తడబడిందో ఆడినవాళ్లకు తెలుసు. క్రైటీరియన్ సంస్థ మాత్రం తన ఆట ‘బర్న్‌అవుట్ ప్యారడైజ్’ను ముందు ప్లేస్టేషన్ 3కే రాసింది. కష్టమైన యంత్రంతో మొదలుపెట్టడమే తెలివైన పని అని నా అభిప్రాయం. ఎస్‌పీయూల కోసం ముక్కలుగా పేర్చిన డేటా ఎక్స్‌బాక్స్‌ క్యాష్‌కూ సుఖమే.

2013లో ప్లేస్టేషన్ 4 వచ్చింది. 8 ఎక్స్86 కోర్లు, ఉమ్మడి మెమరీ. ఎస్‌పీయూలు మాయం. బైట్ల వరుస కూడా తిరగబడింది. అదే ఏడాది ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ ఆట కోసం ఎస్‌పీయూలను పిండుకున్న నాటీ డాగ్ బృందం, దాన్ని కొత్త యంత్రానికి తేవడానికి ఇంజన్‌ను మళ్లీ విప్పాల్సి వచ్చింది. పనులను చిన్న ముక్కలుగా కోసి, ఫైబర్లనే తేలికపాటి థ్రెడ్లలో నడుపుతూ కోర్లకు పంచింది. ఎస్‌పీయూ కోసం చెక్కిన ఆదేశాలు పనికిరాకుండా పోయాయి. పనిని ముక్కలు చేసే అలవాటు మాత్రం పనికొచ్చింది.

ప్లేస్టేషన్ 3 డిస్కులు నేటి ప్లేస్టేషన్ 5లో ఆడవు. ఒక యంత్రానికి అతుక్కున్న కోడ్ దానితోనే ఆగిపోతుంది. అందుకే మీకు అప్పగించే పాత కోడ్ ఏ యంత్రం కోసం పుట్టిందో, దాని డేటా ఎక్కడుండి ఎటు కదులుతుందో మొదటి వారంలోనే కాగితం మీద గీసుకోండి. వేగం సంగతి ఆ తర్వాత చూడొచ్చు.