సూది పట్టని చేతులతో వీరుడి కవచం



2017 ఫిబ్రవరిలో జిద్దా నగరంలో మూడు రోజులపాటు ఒక వేడుక జరిగింది. కామిక్ పుస్తకాల వీరులుగా, జపాన్ యానిమే పాత్రలుగా వేషాలు కట్టుకుని కుర్రకారు తరలివచ్చారు. సౌదీ అరేబియాలో అదే మొదటి కామిక్ కాన్. అప్పటికింకా ఆ దేశంలో సినిమా హాళ్లు తెరుచుకోలేదు. దాదాపు మూడున్నర దశాబ్దాల తర్వాత రియాద్‌లో మళ్లీ బొమ్మ పడింది 2018 ఏప్రిల్‌లో. ఆ మరుసటి ఏడు రియాద్ సీజన్ ఉత్సవాలు మొదలయ్యాయి, నవంబరులో యానిమే ఎక్స్‌పో వచ్చింది. గ్రెండైజర్ అనే జపాన్ మరయోధుణ్ణి అరబ్బీ మాటలతో టీవీలో చూసి పెరిగిన తరం అక్కడ ఉంది. ఆ మరయోధుడికి 2022లో రియాద్‌లో ముప్పై మీటర్లకు మించిన విగ్రహమే నిలబెట్టారు.

ఇంత సందడి చుట్టూ ఉంటే సౌదీలోని మన తెలుగు ఇళ్లలో పిల్లలు ఊరుకుంటారా? స్కూల్లో ఫ్యాన్సీ డ్రెస్ పోటీ అన్నా, తెలుగువాళ్ల ఉగాది కలయిక అన్నా, రియాద్ సీజన్ చూడ్డానికి వెళ్దామన్నా ఒకటే కోరిక: కవచం కావాలి, శిరస్త్రాణం కావాలి, కత్తీ డాలూ కావాలి. ఆన్‌లైన్‌లో తెప్పిద్దామంటే ధర చూసి గుండె గుభేలుమంటుంది. మనమే చేద్దామంటే, 'నాకు గుండీ కుట్టుకోవడమే రాదే' అని వెనక్కి తగ్గుతాం.

నిజానికి కుట్టు రానివాళ్లకు అన్నిటికంటే తేలికైన వేషం వీరుడిదే. రాకుమారి గౌనుకు దర్జీ కావాలి. కవచానికి కొలత తీసి, కోసి, వంచి, అతికించగల మనిషి చాలు. గల్ఫ్‌లో మన జిల్లాలవాళ్లు ఎంతోమంది ఇదే పని రోజూ చేస్తున్నారు. ఏసీ డక్టులకు నల్లటి రబ్బరు ఫోమ్ చుట్టే ఇన్సులేషన్ పనివాళ్లను చూడండి. షీటు పరిచి గీత గీస్తారు, బ్లేడుతో ఒక్క లాగున కోస్తారు, రెండు వైపులా జిగురు రాసి ఆరనిచ్చి అదుముతారు. కవచం పనీ అచ్చంగా అంతే. మీ క్యాంపులోనో, పక్క ఫ్లాట్‌లోనో అలాంటి అన్న ఒకరుంటే మీకు గురువు దొరికినట్టే.

దూరాన్నుంచి చూసేవాళ్లకు లోహంలా కనబడాలి, మోసేవాడికి బరువు ఉండకూడదు. ఇది రంగస్థలానికి పాత సూత్రం. తెలంగాణలో చిందు యక్షగాన కళాకారులు కిరీటాన్నీ భుజకీర్తుల్నీ పొనికి లాంటి తేలిక కర్రతో చేయించి, రంగులు పూసి, అద్దం ముక్కలు అతికించుకుంటారు. అవే బంగారంతో చేసినవైతే ఆ బరువుతో రాత్రంతా చిందెయ్యగలరా? సినిమావాళ్లదీ ఇదే దారి. 1975లో వచ్చిన మాంటీ పైథాన్ హాస్య బృందం సినిమాలో యోధులు తొడుక్కున్న గొలుసు కవచం, అల్లిన ఉన్నికి వెండి రంగు కొట్టింది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చిత్రాల కోసం న్యూజిలాండ్‌లో ప్లాస్టిక్ గొట్టాల్ని సన్నటి రింగులుగా కోసి, కోటికి పైగా రింగుల్ని చేత్తో కలిపారు. కాబట్టి చవక సరుకు వాడుతున్నామని చిన్నబోవలసిన పని లేదు.

ఇప్పుడు సరుకు సంగతి. ముఖ్యమైనది ఫోమ్ మ్యాట్. పిల్లలు ఆడుకోవడానికి గదిలో పరుస్తామే, ఒకదానికొకటి పళ్లతో కలిసే చదరాలు, అవే. ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్‌తో చేస్తారు. సెంటీమీటరు మందం ఉన్నది ఛాతీకీ భుజాలకీ సరిపోతుంది. నగిషీలకు స్టేషనరీ కొట్లో దొరికే పల్చటి ఫోమ్ కాగితం చాలు. రియాద్‌లో బత్‌హా, జిద్దాలో షరఫియా వీధుల్లో తిరిగితే రెండు రియాళ్ల కొట్లలోనే సగం సరుకు దొరుకుతుంది. బ్లేడు దగ్గరా, జిగురు దగ్గరా మాత్రం పిసినారితనం వద్దు. ఫోమ్ కోస్తే బ్లేడు ఇట్టే మొద్దుబారుతుంది, మొద్దు బ్లేడు అంచును కొరికినట్టు చేస్తుంది.

కొలత తీయడానికి దర్జీ టేపు కూడా అక్కర్లేదు. పాత బనియను తొడిగి, ఛాతీ చుట్టూ వంటింట్లో వాడే పల్చటి ప్లాస్టిక్ చుట్టండి. దానిమీద మ్యాస్కింగ్ టేపు పూర్తిగా అతికించండి. మార్కర్‌తో నడిమధ్య ఒక గీత, దానికి ఒక పక్కన కవచం ఆకారం గీయండి. వీపు వైపు మొండి కత్తెరతో జాగ్రత్తగా కోసి తీస్తే మీ ఒంటి అచ్చు చేతికొస్తుంది. గీసిన సగాన్నే కత్తిరించి కాగితం మీదికి ఎక్కించండి, తిరగేస్తే రెండో సగం అదే. పరిచినప్పుడు ఎక్కడైనా ఉబ్బి నిలిస్తే అక్కడ చీలిక పెట్టండి. ఫోమ్‌లో ఆ చీలిక అంచులు రెండూ కలిపి అతికిస్తే ఛాతీ గుండ్రం దానంతటదే వస్తుంది. దర్జీ టక్కు వేసేదీ అందుకే, మనం దారానికి బదులు జిగురు వాడతాం.

కోసిన ముక్కను హీట్ గన్‌తో వేడిచేసి, మోకాలి మీదో గిన్నె మీదో వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోండి. ఆ వంపు నిలిచిపోతుంది. వేడికి పైనున్న రంధ్రాలు కూడా మూసుకుని నునుపు వస్తుంది. జిగురు అంటే చెప్పులు కుట్టేవాళ్లు వాడే పసుపుపచ్చ రబ్బరు జిగురు. రెండు అంచులకూ పల్చగా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. ఒకసారి కలిశాక జరపడం కుదరదు, కాబట్టి గురి చూసి పెట్టాలి. ఆ వాసన మంచిది కాదు. ఏసీ వేసి తలుపులు మూసిన గదిలో కాక, మేడమీద గాలి ఆడేచోట కూర్చోండి. బ్లేడూ, వేడీ, జిగురూ పెద్దవాళ్ల చేతుల్లోనే ఉండాలి. పిల్లలకు నగిషీలూ రంగులూ అప్పగించండి.

సౌదీ ఎండ సంగతి మరచిపోకూడదు. గ్లూ గన్‌తో పోసే వేడి జిగురు త్వరగా అంటుకుంటుంది గానీ, వేసవిలో ఆపి ఉంచిన కారులో పెడితే మళ్లీ మెత్తబడుతుంది. ఫోమ్ వంపులు కూడా సడలుతాయి. అందుకే వేషాన్ని డిక్కీలో వదిలి షాపింగ్‌కు పోకండి. ఫోమ్ గాలిని వెళ్లనివ్వదు గనుక చంకల దగ్గరా మెడ దగ్గరా ఖాళీ వదలాలి, లోపల నూలు బట్ట వేసుకోవాలి. అదృష్టవశాత్తూ పెద్ద ఉత్సవాలు చాలావరకు చలికాలపు సాయంత్రాల్లోనే జరుగుతాయి.

రంగుకు ముందు తెల్ల ఫెవికాల్‌లో కాస్త నీళ్లు కలిపి మూడు నాలుగు పూతలు వేయండి. ఆరాక మొత్తం నల్లరంగు. ఆపైన కుంచెకు వెండి రంగు అద్ది, గుడ్డకు తుడిచేసి, ఇంకా మిగిలిన ఆ కొద్ది రంగును మిట్టల మీద, అంచుల మీద మాత్రమే రుద్దండి. పల్లాల్లో నలుపు నిలిచి, పాత ఇనుములా కనబడుతుంది. మొత్తం వెండి రంగు కొడితే మాత్రం బొమ్మ కవచంలా తేలిపోతుంది. శిరస్త్రాణానికి థర్మోకోల్ వాడితే స్ప్రే రంగు జోలికి పోకండి, అది థర్మోకోల్‌ను కరిగించేస్తుంది.

కట్టుకోవడానికి ఎలాస్టిక్ పట్టీలు, వెల్క్రో, పాత స్కూలు బ్యాగు బకిల్స్ చాలు. వెనక వేలాడే వస్త్రానికి ఫెల్ట్ గుడ్డ తీసుకుంటే అంచులు పోగులు రావు, మడత కుట్టనక్కర్లేదు. వేరే బట్టయితే ఇస్త్రీపెట్టె వేడికి అంటుకునే టేపు ఉంది. అరబ్బు పెద్దలు శుభకార్యాలకు వేసుకునే బిష్త్‌ను మాత్రం వేషానికి వాడకండి, అది గౌరవ వస్త్రం. 2019 నుంచి అక్కడ బహిరంగ మర్యాద నియమావళి అమల్లో ఉంది. ఒళ్లు కప్పే బట్టల మీదే కవచం తొడగాలి. సౌదీ అమ్మాయిలు చాలామంది తలవస్త్రాన్నే పాత్ర వేషంలో భాగం చేసుకుంటారు, చూడముచ్చటగా ఉంటుంది. కత్తి కూడా ఫోమ్‌దే కావాలి, లోపల నిలవడానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం. వెళ్లేముందు నిర్వాహకుల షరతులు చదువుకుంటే గేటు దగ్గర ఇబ్బంది ఉండదు.

మొదటే ఛాతీ కవచానికి దిగకండి. వచ్చే శుక్రవారం సెలవు రోజున ముంజేతి కవచం ఒకటి చేసి చూడండి. ఒక ముక్క, ఒక వంపు, రెండు పట్టీలు, అంతే. కోత, వేడి, జిగురు, రంగు నాలుగూ అందులోనే అలవాటవుతాయి. పాడైతే పోయేది ఒక్క మ్యాట్. కుదిరితే మిగతా వీరుడంతా దాని వెనకే వస్తాడు.